మల్లాపూర్ పల్లెలు: వలస, చక్కెర, సంపద

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర వెట్టిని, దొరల పెత్తనాన్ని ధిక్కరించింది. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

1973లో చమురు ధరలు పెరిగిన పిదప గల్ఫ్ దేశాలలో కూలీలకు గిరాకీ ఏర్పడగా, మల్లాపూర్, కోరుట్ల పల్లెల నుండి హిందువులు, ముస్లిములు వలసపోయారు. పాలేరు కొడుకు డాబా కట్టుకున్నాడు. విపణి పేదవానికి దారి చూపుతుందనువారికి ఇదే నిదర్శనం. కాని వీసాకై చేసిన అప్పు వడ్డీకే సంపాదన చెల్లిపోయినవారూ ఉన్నారు.

ఇటు ముత్యంపేట చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు రైతు, కార్మికుడు ఇరువురూ ఆధారం కోల్పోయారు.

సంపద ధనికుల మధ్యనే తిరుగాడరాదన్న ఖుర్ఆన్ బోధ ఇక్కడ వర్తిస్తుంది. వలస పోగలిగిన కొందరి ఉన్నతి, ఊరిలో మిగిలినవారి హక్కుకు బదులు కాజాలదు.