కుర్తా, జీన్స్, చంబల్: బహదూర్ చిత్రకథల్లో వేషం – విస్మృతి

బాల్యస్మరణ సాధారణంగా రెండు పనులు చేస్తుంది. కొన్నింటిని మురిపెంగా దాచుకొంటుంది, మరికొన్నింటిని నవ్వి వదిలేస్తుంది. 1970ల నాటి బెల్‌బాటమ్ ప్యాంట్లు, వెడల్పాటి కాలర్లు పాత ఛాయాచిత్రాల్లో కనబడితే ఆనాటి పిల్లలకు నేడు నామోషీ. ఆ దశాబ్దపు చిత్రకథానాయకుల్లో బహదూర్‌కూ ఇదే గతి పట్టింది. అతని ప్రస్తావన రాగానే చాలామందికి జీన్స్ మీద వేసుకొన్న కాషాయరంగు కుర్తా మాత్రమే గుర్తుకు వస్తుంది. నవ్వు పుట్టించే ఆ వేషంలోనే ఆ కథల ఆలోచన ఇమిడి ఉన్నదని పరిశీలిస్తే తెలుస్తుంది.

టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964లో ఇంద్రజాల్ కామిక్స్‌ను ప్రారంభించింది. మొదటి 32 సంచికలూ లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్ కథలే. తరువాత మాండ్రేక్, ఫ్లాష్ గార్డన్ వంటి వారూ చేరారు. ఫాంటమ్ నివసించే బంగల్లా పేరు ఇక్కడి పాఠకులకు బెంగాల్‌ను స్ఫురింపజేస్తుందని కాబోలు, దానిని డెంకాలీగా మార్చారు. పేర్లు మారినా, ముసుగు ధరించిన ఒక తెల్లజాతి వీరుడు అడవిజనాన్ని కాపాడే కథాచట్రం మాత్రం మారలేదు.

ఆ చట్రానికి భిన్నంగా 1976 డిసెంబరులో బహదూర్ వచ్చాడు. సృష్టికర్త ఆబిద్ సుర్తీ, చిత్రకారుడు గోవింద్ బ్రాహ్మణియా. బహదూర్ తండ్రి భైరవసింగ్ బందిపోటు. పోలీసు అధికారి విశాల్ చేతిలో అతడు మరణిస్తాడు. పగతో రగిలిన కొడుకు చివరకు పగను విడిచి, జయగఢ్‌లో పౌరభద్రతా దళాన్ని స్థాపిస్తాడు. యుద్ధవిద్యల్లో ఆరితేరిన బేలా అతని సహచరి. అతనికి ముసుగు లేదు, మానవాతీత శక్తులూ లేవు.

ఈ కథకు నాటి వాస్తవంలో బలమైన పునాది ఉంది. చంబల్ లోయలో 1960లో వినోబా భావే ఎదుట, 1972లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో బందిపోట్లు ఆయుధాలు అప్పగించారు. 1975లో విడుదలైన ‘షోలే’ చిత్రం బందిపోటును దేశమంతటికీ పరిచయమైన ప్రతినాయకుణ్ణి చేసింది. లొంగిపోయిన బందిపోటు సంతానం ఏమవుతుందనే ప్రశ్నకు సుర్తీ ఇచ్చిన ఊహాత్మక సమాధానమే బహదూర్.

ఈ సమాధానాన్ని మాటలకన్నా ముందు దుస్తులే చెబుతాయి. కుర్తా ఊరిది, జీన్స్ నగరానిది. ఆ రోజుల్లో జీన్స్ విదేశీ వ్యామోహానికీ హిప్పీ సంస్కృతికీ గుర్తుగా పెద్దల విమర్శకు గురైన వస్త్రం. ఈ రెండింటినీ ఒకే దేహం మీద చూపడం ద్వారా ఊరిని విడువని ఆధునికుడు ఒకడు సాధ్యమేనని చిత్రకారుడు సూచించాడు. ఫాంటమ్ వేషం అతణ్ణి జనం నుండి వేరుచేస్తే, బహదూర్ వేషం అతణ్ణి జనంలో కలిపింది. వీధిలో అలాంటి దుస్తులు తొడుక్కొన్న యువకుడు ఎదురైతే ఎవరూ ఆశ్చర్యపోనక్కరలేదు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. బహదూర్ అవతరించినది అత్యవసర పరిస్థితి కాలంలో. రాజ్యం పౌరుల హక్కులను నిలిపివేసిన వేళ, పౌరులే దళంగా ఏర్పడి పోలీసులకు తోడుగా నిలిచే కథ పిల్లలకు అందింది. దీనిని ప్రజల స్వయంరక్షణగా చదవవచ్చు, అధికారానికి అనుకూలమైన క్రమశిక్షణాపాఠంగానూ చదవవచ్చు. తండ్రిని చంపిన వ్యవస్థనే కొడుకు నమ్మడం సయోధ్యా, లొంగుబాటా అన్నదానికి ఒకే జవాబు లేదు. వేషాన్ని చూసి నవ్వి ఊరుకొంటే ఈ ప్రశ్న అసలు పుట్టనే పుట్టదు.

ఇంద్రజాల్ 1990లో ఆగిపోయింది. అప్పటికి ఇంటింటా దూరదర్శన్ ప్రవేశించింది. చిత్రకథల్లో నాగరాజ్, సూపర్ కమాండో ధ్రువ వంటి కొత్త వీరులు వచ్చారు. ఆ తరం పెద్దదయ్యాక ఫాంటమ్‌ను ఆరాధనగా తలచుకొన్నది, బహదూర్‌ను చిరునవ్వుతో సరిపెట్టింది. దూరదేశపు ముసుగువీరుని ఊదారంగు బిగుతుదుస్తులు, వాటిమీది చారల నిక్కరు హాస్యాస్పదం కాలేదు. తమ అన్నలు తొడుక్కొన్న కుర్తా, జీన్సే హాస్యాస్పదమయ్యాయి. నామోషీ దుస్తుల వింతదనంలో కన్న వాటి సామీప్యంలోనే ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతుంది. మనిషి తన పూర్వరూపాన్ని గుర్తుపట్టిన చోటనే సిగ్గుపడతాడు. కాబట్టి బాల్యపు వేషాల పట్ల సిగ్గు, బాల్యపు వీరుల పట్ల మరపు వేరువేరు విషయాలు కావు. జనప్రియ చిత్రకథల చరిత్రను రాసేవారు ఆరాధనకు నోచుకొన్న వీరులతోపాటు నవ్వులపాలైన వీరులనూ లెక్కలోకి తీసుకోవలసి ఉంది.