మారిస్ మైనరు: స్టీరింగు శైథిల్యము, దాని సవరణ

మారిస్ మైనరు అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేయగా 1948 అక్టోబరున లండనునందలి ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనలో వెలువడిన ఆంగ్లేయ చిన్నకారు. దీని నిర్మాణము 1970లో ముగిసెనని కొందరును, 1971 వరకు సాగెనని కొందరును వ్రాసిరి. సెలూన్లను మాత్రమే లెక్కించినవారిది మొదటి మతము, ట్రావెలరు (ఎస్టేటు కారు) మున్నగువానిని గూడ గణించినవారిది రెండవది గనుక రెండవదియే సమగ్రమని తోచును. భారతదేశమున హిందుస్తాన్ మోటార్సువారు దీనిని బేబీ హిందుస్తాన్ అను పేర కొంతకాలము విక్రయించిరి.

ర్యాక్-పినియన్ స్టీరింగు, ముందుచక్రములకు టోర్షన్ బార్లు, నమూనాకారును నిలువున రెండుగా కోయించి ఇసిగోనిస్ చేర్చిన నాలుగంగుళముల వెడల్పు, ఇవియే దీని మలుపునేర్పునకు మూలములు. కావున పాతమైనరు రోడ్డుపై నిటునటు తూలినచో నది అరుగుదల ఫలితమే కాని సహజగుణము గాదు.

స్టీరింగులో ఆట (వదులు) కనబడగనే పలువురు ర్యాకును శంకించి, దానిని ఒత్తిపట్టు డ్యాంపరు క్రింది షిమ్ములను దీసి బిగింతురు. అట్లు చేసినచో ఆట పోకుండుటయే గాక, మలుపు తరువాత చక్రము తనంతట తిరిగివచ్చు గుణము సన్నగిల్లును. దోషము తరచుగా ట్రనియన్లయందుండును. చక్రమును మోయు స్వివెల్ పిన్ను పైనను క్రిందను మరలతో వీనియందు తిరుగును. గ్రీజు కరవైనచో మరలరిగి, తుదకు క్రింది ట్రనియన్ ఊడి చక్రము ముడుచుకొనిపోవును. నిపుణులు సాధారణముగా వేయిమైళ్లకొకమారు, అదియు జాకీతో బరువు తొలగించి, గ్రీజు కొట్టుమందురు.

పరీక్ష సులభము. చక్రమును పైకెత్తి మీదను క్రిందను పట్టి ఊపునపుడు కలుగు ఆట, వేరొకరు బ్రేకు తొక్కిపట్టగనే మాయమైనచో బేరింగుది. మాయము కానిచో ట్రనియన్‌ది. ప్రక్కలను పట్టి ఊపినపుడు కలుగునది టై రాడ్ కొనలదిగా నెంచవచ్చును. పై సస్పెన్షను చేయిగా షాక్ అబ్సార్బరు చేయియే పనిచేయును గనుక దాని అరుగుదలయు, రబ్బరు బుషుల శైథిల్యమును స్టీరింగు దోషములుగా భ్రమ గొల్పును. ఇవన్నియు సరియైన పిమ్మటనే టో-ఇన్‌ను (ముందుచక్రముల లోమొగ్గును) 3/32 అంగుళమునకు దిద్దవలెను. ముందు దిద్దుట వృథాశ్రమ.

ఈ సవరణలకు తోడు రేడియల్ టైర్లవలనను రోడ్డుపై నిలకడ పెరుగునని పెక్కురి యభిప్రాయము.

ఈ ట్రనియన్ల యేర్పాటు కొంత మార్పుతో 1971 నాటి మారిస్ మెరీనాకును సంక్రమించినది. గ్రీజు కొట్టుట దానికిని అవసరమే.