న్యూక్లిక్ ఆమ్లాలు

న్యూక్లిక్ ఆమ్లాలు (కేంద్రకామ్లాలు) వంశపారంపర్య సమాచారాన్ని భద్రపరచి, ఆ ప్రకారం కణం చేత ప్రోటీన్లు తయారుచేయించే పెద్ద అణువులు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ అని ఇవి రెండు రకాలు. రెండూ న్యూక్లియోటైడ్లు గొలుసుగా చేరి ఏర్పడినవే. ఒక్కో న్యూక్లియోటైడులో చక్కెర, నత్రజని క్షారం, ఫాస్ఫేటు ఉంటాయి. ఆ ఫాస్ఫేటులోని భాస్వరమే వీటి ఆచూకీని మొదట పట్టిచ్చింది.

ఆవిష్కరణ

1869లో జర్మనీలోని ట్యూబింగెన్ కోటలో, ఒకప్పటి వంటగదిలో నడిచిన ప్రయోగశాలలో, స్విట్జర్లాండుకు చెందిన యువ వైద్యుడు ఫ్రీడ్రిష్ మీషర్ తెల్ల రక్తకణాలను పరిశోధించారు. ఆసుపత్రి నుంచి చీముపట్టిన కట్లు తెప్పించుకుని, లవణ ద్రావణంతో కడిగి కణాలను వేరుచేసేవారు. పంది జీర్ణాశయం నుంచి తీసిన పెప్సిన్‌తో ప్రోటీన్లను అరిగించగా కేంద్రకాలు మిగిలాయి. వాటిలో దొరికిన పదార్థంలో భాస్వరం దండిగా ఉంది. అది ప్రోటీను కాదని గ్రహించిన మీషర్ దానికి 'న్యూక్లిన్' అని పేరు పెట్టారు. న్యూక్లిక్ ఆమ్లం అన్న పేరు 1889లో రిచర్డ్ ఆల్ట్‌మన్ పెట్టింది.

వారసత్వ పదార్థంగా గుర్తింపు

న్యూక్లిక్ ఆమ్లంలోని క్షారాలను ఆల్బ్రెక్ట్ కోసెల్, చక్కెరలను ఫీబస్ లెవీన్ గుర్తించారు. నాలుగు క్షారాలూ ఒకే వరసలో మళ్లీ మళ్లీ వస్తాయని లెవీన్ భావించారు. ఇంత సాదా అణువు వారసత్వాన్ని మోయలేదనీ, ఆ పని ప్రోటీన్లదేననీ శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. 1944లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం చంపిన న్యుమోనియా బ్యాక్టీరియా డీఎన్ఏతో హానిచేయని రకాన్ని ప్రమాదకరమైన రకంగా మార్చింది. 1952లో హెర్షీ, చేజ్ అనే శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాకు సోకే వైరసు డీఎన్ఏకు రేడియోధార్మిక భాస్వరంతో గుర్తు పెట్టారు. బ్యాక్టీరియా లోపలికి వెళ్లేది ప్రధానంగా డీఎన్ఏయేనని తేల్చారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం ఆధారంగా నిలవగా, 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ జంట మెలికల నిర్మాణాన్ని ప్రకటించారు. నాలుగు క్షారాల్లో ఎ ఎదుట టి, జి ఎదుట సి నిలుస్తాయి కాబట్టి ఒక పోగును చూసి రెండోది అల్లుకోవచ్చు. కణం విభజన చెందేముందు జరిగేది అదే. ఫ్రాంక్లిన్ 1958లో, 37 ఏళ్లకే మరణించారు. ఆ నిర్మాణానికి 1962లో ఇచ్చిన నోబెల్ ఆమెకు దక్కలేదు. ఆ నిర్మాణపు కథలో ఆమె పేరు తప్పక చెప్పుకోవాలి.

కణంలో పాత్ర

డీఎన్ఏలోని సమాచారాన్ని ఆర్ఎన్ఏ నకలు తీసుకుని రైబోసోముకు చేరుస్తుంది. అక్కడ మూడేసి అక్షరాలకు (క్షారాలకు) ఒక అమైనో ఆమ్లం చొప్పున ప్రోటీను తయారవుతుంది. ఈ సంకేతభాషను విప్పినందుకు హరగోవింద్ ఖొరానా, నిరెన్‌బర్గ్, హోలీ 1968లో నోబెల్ అందుకున్నారు.

కణానికి శక్తినిచ్చే ఏటీపీ కూడా ఈ కుటుంబానిదే. అది మూడు ఫాస్ఫేట్లున్న న్యూక్లియోటైడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. మీషర్‌కు దారి చూపిన భాస్వరమే ఆయనకూ దారి చూపింది.