దీర్ఘకాలిక ఎముక ఇన్ఫెక్షన్

ఎముకలోనూ మూలుగలోనూ సూక్ష్మజీవులు చేరి నెలలు, ఏళ్ల తరబడి చీము పట్టించే జబ్బు దీర్ఘకాలిక ఆస్టియోమైలైటిస్. చాలామందిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దీనికి కారణం. పిల్లల్లో అది రక్తం ద్వారా వచ్చి కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల చివర్లలో చేరుతుంది. పెద్దల్లో ఎముక బయటపడిన గాయాలు, ఆపరేషన్‌లో వేసిన ప్లేట్లు, రాడ్లు, మధుమేహం వల్ల వచ్చే పాదాల పుండ్లు దానికి దారి ఇస్తాయి. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో సాల్మొనెల్లా కూడా ఎముకకు పాకుతుంది. ఆదిలాబాద్, పాడేరు గిరిజన ప్రాంతాల్లో ఆ వ్యాధి ఉంది కాబట్టి అక్కడ ఈ సంగతి మరవకూడదు. ఎముక క్షయ కూడా ఇలాగే కనిపించవచ్చు గానీ దాని మందులు వేరు.

లోపల పట్టిన చీము ఒత్తిడికి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని ఎముక ముక్క చచ్చిపోతుంది. దీన్ని సీక్వెస్ట్రమ్ అంటారు. శరీరం దాని చుట్టూ కొత్త ఎముక పోస్తుంది. ఆ కొత్త ఎముకలో పడిన రంధ్రాల గుండా చీము చర్మం దాకా వచ్చి సెల వేస్తుంది. బాక్టీరియా చచ్చిన ఎముక మీదా, లోహం మీదా జిగురు పొర కట్టుకుని దాగుతుంది. మాత్రగానో సూదిగానో ఇచ్చే యాంటీబయాటిక్ ఎముకలోకి రక్తంతోనే పోవాలి. రక్తమే లేని ముక్కలోకి అది చేరలేదు. ఈ జబ్బు మొండితనమంతా ఇక్కడే ఉంది.

సెల కొన్నాళ్లు మూసుకుంటుంది, మళ్లీ నొప్పి, వాపు వచ్చి తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి కారే సెల అంచుల్లో అరుదుగా చర్మ క్యాన్సర్ పుడుతుంది. ఇన్ఫెక్షన్ మొదలైన తొలి పది, పదిహేను రోజుల్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. ఎమ్మారై ముందే పట్టిస్తుంది. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి సెల మీది చీము చాలదు, లోపలి ఎముక ముక్కను కల్చర్‌కు పంపాలి.

చికిత్సలో అసలు పని శస్త్రవైద్యుడిదే. చచ్చిన ఎముకను రక్తం చిమ్మే జీవమున్న ఎముక వచ్చేదాకా తొలగించాలి. మిగిలిన ఖాళీని యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పూసలతోనో, కండతోనో, ఎముక గ్రాఫ్టుతోనో నింపుతారు. పెద్ద ముక్క పోతే, సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ రూపొందించిన రింగుల పద్ధతిలో సొంత ఎముకనే మెల్లగా పెంచుతారు. తర్వాత సాధారణంగా ఆరు వారాలైనా యాంటీబయాటిక్ నడుస్తుంది. తొలి ఆరు వారాలూ సరిగా ఎంచిన మాత్రలు సూది మందుకు తీసిపోవని బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులపై జరిగిన ఓవివా అధ్యయనం 2019లో చూపింది.

ఈ జబ్బుకు హోమియోపతిని ఆశ్రయించేవారూ ఉన్నారు. ఆ వైద్యానికి జర్మన్ వైద్యుడు హానిమన్ 1796లో పునాది వేశాడు. తెలుగునాట రామంతాపూర్, గుడివాడల్లో ప్రభుత్వ హోమియో కళాశాలలున్నాయి, ఎన్నో కుటుంబాలకు ఆ వైద్యం మీద గురి ఉంది. ఎముక చీముకు అందులో సైలీషియా, హెపార్ సల్ఫ్, కల్కేరియా ఫ్లోర్, ఫ్లోరిక్ యాసిడ్ వంటివి రోగి లక్షణాలను బట్టి ఇస్తారు. సైలీషియా లోపలి ముక్కను బయటికి తోస్తుందని హోమియో గ్రంథాలు చెబుతాయి. అయితే పదేపదే పలుచన చేసిన 30సి మందులో మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. హోమియో అధ్యయనాలను పరిశీలించిన ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి, ఏ జబ్బుకూ అది పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని 2015లో తేల్చింది. అయినా కొందరికి నయమైనట్టు ఎందుకనిపిస్తుంది? సెల తనంత తానే నెలల తరబడి మూసుకుంటుంది, చిన్న ముక్క ఒక్కోసారి దానంతట అదే బయటికి వస్తుంది. ఆ సమయంలో వాడుతున్న మందుకు ఆ పేరు దక్కుతుంది. రోగి చెప్పేది ఓపికగా వినే వైద్యుడి మాట ధైర్యమిస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ చచ్చిన ఎముక లోపలే ఉంటుంది.

హోమియో మందు వేసుకుంటున్నవారు దాని కోసం యాంటీబయాటిక్ ఆపవద్దు, ఆపరేషన్ వాయిదా వేయవద్దు. జ్వరంతో పిల్లవాడు ఒక కాలు కదపనీయకుండా ఏడుస్తుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.