హైదరాబాద్‌లో పర్యాటకుల వినియోగదారు హక్కులు

తెలంగాణ రాజధాని హైదరాబాద్‌కు సందర్శకులు ప్రధానంగా 1591 నాటి చార్మినార్, గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, సాలార్ జంగ్ మ్యూజియం, శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ చూడటానికి వస్తారు. హోటల్లో దిగుతారు, ఆటో ఎక్కుతారు, బిర్యానీ తింటారు, ముత్యాలూ గాజులూ కొంటారు. డబ్బు చెల్లించి సరుకో సేవో పొందిన ప్రతిచోటా వారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారు. 1986 చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. నగరానికి కొత్తవారని, ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోతారని వారి హక్కులు తగ్గవు.

ప్రచారం

2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు పోటీదారులను చార్మినార్ దగ్గరి లాడ్ బజార్‌కు తీసుకెళ్లారు. అక్కడి లక్క గాజుల కొట్లు ప్రపంచం కంట పడ్డాయి. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ గుర్తింపును ప్రచారానికి వాడుకోవడమే ఎక్కువగా కనిపిస్తుంది కానీ, కొనేవారికి కూడా ఇది రక్షణే. వేరేచోట తయారైన గాజులను హైదరాబాద్ లక్క గాజుల పేరుతో అమ్మడం చట్టవిరుద్ధం.

ముత్యాల బజారు

సందర్శకుడు ఎక్కువగా తడబడేది ముత్యాల దగ్గరే. హైదరాబాద్‌లో ముత్యాలు పండవు. నిజాముల కాలంలో పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చేవి, ఇప్పుడు అమ్ముడయ్యేవాటిలో చాలావరకు చైనాలో పెంచిన మంచినీటి ముత్యాలు. అందులో మోసమేమీ లేదు. పెంచిన ముత్యాన్ని సహజమైనదని చెప్పి అమ్మినా, గాజుపూసను ముత్యమని అంటగట్టినా మోసం. పంటి అంచుకు రాస్తే ముత్యం కాస్త గరుకుగా తగులుతుంది, నకిలీది నున్నగా జారుతుంది. కానీ సహజమైనదీ పెంచినదీ రెండూ గరుకుగానే ఉంటాయి కనుక ఈ పరీక్షతో వాటి మధ్య తేడా తేలదు. బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి అయింది గానీ ముత్యాలకు అలాంటి ముద్ర లేదు. అందుకే బిల్లు మీద ‘ముత్యాల దండ’ అని రాసి వదిలేయకుండా ముత్యం రకం, బరువు, వరుసల సంఖ్య రాయించుకోవాలి. యూపీఐలో చెల్లిస్తే ఎవరికి ఎంత ఇచ్చారో తెలుస్తుంది, ఏం కొన్నారో తెలియదు.

బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టం స్పష్టంగా చెబుతోంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే ముద్ర ఈ బాధ్యతను తప్పించదు.

తిండి, బస

కొట్లో నీళ్ల సీసాను, కూల్‌డ్రింకును ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. కూలింగ్ ఛార్జీ అని పైన వసూలు చేస్తే తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. హోటళ్లు, రెస్టారెంట్ల సంగతి వేరు. అక్కడ కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఈ పరిమితి వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సర్వీస్ ఛార్జీని మాత్రం బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. జీఎస్టీ వేరు, అది పన్ను.

ఇంటికి వెళ్లాక ఫిర్యాదు

పర్యాటకుడికి అన్నిటికన్నా పనికొచ్చే నిబంధన ఇదే, తెలిసినవారు మాత్రం తక్కువ. పాత చట్టం ప్రకారం అమ్మినవాడి ఊళ్లోనో వివాదం తలెత్తిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. రెండువేల దండ కోసం శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు వాయిదాలకు తిరిగేదెవరు? కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. రూ.50 లక్షల వరకు జిల్లా కమిషన్ విచారిస్తుంది. సొమ్ము వాపసు, సరుకు మార్పిడి, నష్టపరిహారం ఇప్పించే అధికారం దానికుంది. కేసు దాకా వెళ్లకముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే రాజీకి ప్రయత్నిస్తారు.

విదేశీయులకు సొంత ఊళ్లో కేసు వేసే వెసులుబాటు పెద్దగా అక్కరకు రాదు, వారి నివాసం మన కమిషన్ల పరిధిలో ఉండదు కనుక. పర్యాటకుల కోసం కేంద్ర పర్యాటక శాఖ పలు భాషల్లో 1363 హెల్ప్‌లైన్ నడుపుతోంది, అది సమాచారానికీ సాయానికీ మాత్రమే. విమానం ఎక్కేలోపే ఫిర్యాదు విని తేల్చే ఏర్పాటు చార్మినార్, గోల్కొండ వంటి చోట్ల ఉండటం అవసరం.