స్టెంటు 1.0 తర్వాత?

మా రేణిగుంట జంక్షన్లో దిగి ఇటు వెళ్తే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, అటు వెళ్తే ఏర్పేడు దగ్గర ఐఐటీ. ఒకవైపు గుండె డాక్టర్లు, ఇంకోవైపు ఇంజనీర్లు. ఈ రెండు గుంపులు కలిస్తే ఏమవుతుందో 1990ల్లోనే హైదరాబాదులో ఒకసారి చూశాం. కలాం-రాజు స్టెంటు సంగతి చెప్తున్నా.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1977లో జూరిక్‌లో గ్రూంట్‌జిగ్ అనే డాక్టరు గుండె రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, ఊది, పూడుకుపోయిన దారి తెరిచాడు. బానే ఉంది గానీ రక్తనాళానికి సాగే గుణం ఉంది కదా, బెలూన్ తీసెయ్యగానే కొంత వెనక్కి ముడుచుకుంటుంది. దానికి విరుగుడే స్టెంటు. లోపలే నిలబడిపోయే, వలలాంటి లోహపు గొట్టం అన్నమాట. మనిషి గుండె నాళంలో మొదటిసారి పెట్టింది 1986లో.

వినడానికి తేలికే. కానీ ఆ లోహం ఊదితే విచ్చుకోవాలి, మళ్లీ ముడుచుకోకూడదు, తుప్పు పట్టకూడదు. పైగా గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. పదేళ్లకి 36 కోట్లు! మనం చేసే లోడ్ టెస్టులు దీని ముందు ఏపాటి?

క్షిపణులు చేసేవాళ్లకి ఇలాంటి లెక్కలు కొత్త కాదు. అందుకే అబ్దుల్ కలాం, కార్డియాలజిస్టు సోమరాజు కలిసి తక్కువ ఖర్చు స్టెంటు తేగలిగారు. నిమ్స్‌లో పోలియో పిల్లలు మోసే 3 కిలోల కాలిపర్ల బదులు 300 గ్రాములవి చేయించింది కూడా కలామే.

మరి ఆ తర్వాత? లోహం నిలబడింది గానీ కణజాలం ఊరుకోలేదు. గాయపడ్డ నాళం గోడ మానుతూ వల సందుల్లోంచి పెరిగి, కొందరిలో దారి మళ్లీ మూసుకుపోయేది. దాంతో 2002, 2003 నాటికి విదేశాల్లో మందు పూసిన స్టెంట్లొచ్చాయి. మన దేశంలో ఆ పని సూరత్ లాంటి చోట్ల కంపెనీలు అందుకున్నాయి. కలాం-రాజు పేరు మాత్రం జీకే ప్రశ్నగా మిగిలిందనిపిస్తుంది నాకు.

ధర సంగతీ అంతే. లక్ష దాటిన గొట్టం కోసం అప్పుల పాలైన ఇళ్లు మన ఊళ్లలో తక్కువా? చివరికి 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వమే గరిష్ఠ ధర కట్టింది: మామూలుది 7,260 రూపాయలు, మందు పూసింది 29,600. మొదటి వెర్షన్ ఘనంగా విడుదల చేసి, మెయింటెనెన్స్ టీముని మర్చిపోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, స్విమ్స్ 1993 నుంచి ఉంది, ఐఐటీ 2015లో వచ్చింది, 2021లో తిరుపతిలో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి మొదలైంది. పిల్ల పెరుగుతుంది, గుండెలో పెట్టిన కృత్రిమ కవాటం పెరగదు. కొన్నేళ్లకి మళ్లీ ఆపరేషన్. పిల్లతోపాటు పెరిగే కవాటం కోసం ప్రపంచమంతా ఇంకా తంటాలు పడుతూనే ఉంది. ఇటు డాక్టర్లు, అటు ఇంజనీర్లు ఆ పనికి కూర్చుంటే సంతోషమే. కాకపోతే ఈసారి 2.0 ఎవరు చేస్తారో కూడా మొదటిరోజే రాసిపెట్టుకోవాలి. ఏమంటారు?