నీటిపై వట్టి పాదములు

చెరువుగట్టున నిలిచిన పిల్లవాడు చదునైన పెంకుముక్కను ఏటవాలుగా నీటిపైకి విసరును. పెంకు నీటికంటె బరువైనదే. ఐనను అది వెంటనే మునుగదు. నీటిని తాకి ఎగిరి, మరల తాకి, నాలుగైదు కప్పగంతులు వేసి, వేగము తగ్గిన పిదపనే మునుగును. పెంకును అంతవరకు నిలిపినది వేగమే. మోటారు పడవ లాగుచుండగా మనిషి వట్టి అరికాళ్లతో నీటిపై నిలిచి సాగిపోవు క్రీడకు గూడ ఇదియే మూలము.

ఈ క్రీడ 1947లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున పుట్టెను. చూచువారికి నిలిచి సాగుటయే అద్భుతముగా తోచును గాని, నేర్చుకొనువానికి అసలు కష్టము మొదలుపెట్టుటలోనే ఉన్నది. మొదటి కొద్ది క్షణములను గడుచుటకు కనిపెట్టిన ఉపాయములను వరుసగా చెప్పినచో ఈ క్రీడ చరిత్రలో ముఖ్యభాగము చెప్పినట్లే.

చెక్కలతో ఆరంభము

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోనే పడవకు వెడల్పయిన పలకను కట్టి, దానిపై మనిషి నిలిచి సాగు వినోదముండెను. అందు పడవ పలకను లాగును. మనిషి దానిపై ప్రయాణికుడు మాత్రమే. మనిషియే తాడు పట్టుకొని, కాళ్లకు చెక్కలు తగిలించుకొని సాగు పద్ధతిని సాధించినవాడు రాల్ఫ్ శామ్యూల్‌సన్. ఆతనిది మిన్నెసోటా రాష్ట్రములోని లేక్ సిటీ అను చిన్న పట్టణము. అక్కడి పెపిన్ సరస్సులో 1922 వేసవిలో మొదట పీపా చెక్కలతోను, పిదప మంచుపై జారు స్కీలతోను ప్రయత్నించి విఫలుడయ్యెను. చివరకు 8 అడుగుల పొడవు, 9 అంగుళముల వెడల్పు గల రెండు చెక్కలు తెచ్చి, వాని కొనలను మరుగునీటిలో మెత్తబరచి పైకి వంచి, కాళ్లు దూర్చుటకు తోలుపట్టీలు బిగించెను. పడవను ఆతని అన్న నడిపెను. చెక్కల కొనలను నీటికి పైన ఉంచి, శరీరమును వెనుకకు వాల్చిననే పైకి లేవవచ్చునని పలుమార్లు పడిన పిదప తెలిసెను. జూలై 2వ తేదీన, తన పందొమ్మిదవ పుట్టినరోజుకు ముందునాడు, ఆతడు నీటిపై నిలిచెను.

శామ్యూల్‌సన్ తన సాధనమునకు పేటెంటు తీసుకొనలేదు. 1925లో ఫ్రెడ్ వాలర్ అను మరియొకడు నీటి స్కీలకు పేటెంటు పొందెను. మొదటివాని పేరు చాలకాలము మరుగునపడి యుండెను. 1966లో గాని అమెరికా వాటర్ స్కీ సంఘము ఆతనిని ఈ క్రీడకు ఆద్యుడుగా గుర్తింపలేదు.

పాదమునకు అంత వేగమెందుకు?

ముందు అంచు కొంచెము పైకెత్తిన పలకను నీటిపై లాగినచో అది తనకెదురైన నీటిని క్రిందికి త్రోయును. న్యూటన్ మూడవ సూత్రము ప్రకారము నీరు పలకను అంతే బలముతో పైకి త్రోయును. ఈ పైత్రోపు నీటిని తాకు వైశాల్యమును బట్టియు, వేగము యొక్క వర్గమును బట్టియు పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో పైత్రోపు నాలుగింతలగును. వైశాల్యము నాలుగవ వంతునకు తగ్గినను, వేగమును రెట్టించినచో అదే బరువు నిలుచును.

శామ్యూల్‌సన్ చెక్కలు రెండింటి వైశాల్యము 12 చదరపు అడుగులు. పెద్దవాని అరికాళ్లు రెండును కలిపి ఇంచుమించు అర చదరపు అడుగు, అనగా 24వ వంతు. ఈ లెక్కన వేగము ఐదింతలు కావలెను. ఐతే సాగునపుడు చెక్క యంతయు నీటిని అంటియుండదు, వెనుకభాగమే అంటును. కావున అంత వేగము అక్కరలేదు. రెండు స్కీలపై నేర్చుకొనువానికి గంటకు 30 కిలోమీటర్లు చాలును. వట్టి కాళ్లకు ఇంచుమించు దానికి రెట్టింపు కావలెను. శిక్షకులు ఒక ఉజ్జాయింపు సూత్రము వాడుదురు. మనిషి బరువును పౌండ్లలో తీసుకొని, అందులో పదవ వంతునకు 20 కలిపినచో గంటకు కావలసిన మైళ్లు వచ్చును. 150 పౌండ్లవానికి 35 మైళ్లు, అనగా 56 కిలోమీటర్లు.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. నిలుకడ నుండి 56 కిలోమీటర్ల వేగము వచ్చువరకు అరికాలు మనిషిని మోయలేదు. ఈ నడిమి వేగములలో ఆతనిని ఇంకేదో మోయవలెను. అది ఏది?

మొదటి అడుగు

1947లో ఫ్లారిడాలోని వింటర్ హేవెన్ పట్టణమున ఎ.జి. హాన్‌కాక్ అను పదునేడేండ్ల యువకుడు దీనికి మొదటి జవాబు చెప్పెను. ఆతడు స్కీపై సాగుచు, వేగము హెచ్చిన పిదప స్కీని విడిచి నీటిపై అడుగుపెట్టెను. ఆ సంవత్సరమే డిక్ పోప్ జూనియర్ సమీపములోని సైప్రస్ గార్డెన్స్ ఉద్యానమున జనుల ఎదుట దీనిని ప్రదర్శించెను. 1950లో అచ్చటనే జరిగిన మొదటి పోటీలో పోప్‌తో తలపడినవాడు మెక్సికో దేశస్థుడగు ఎమీలియో సాముడియో.

ఈ పద్ధతి సులభముగా తోచును గాని ఇందొక ఇబ్బంది కలదు. ఒక కాలు స్కీపై ఉండగా రెండవ కాలిని నీటిపై మోపి, బరువును మెల్లగా దానిపైకి మార్చి, పిదప మొదటి కాలిని స్కీనుండి తీయవలెను. తీసిన క్షణమున బరువంతయు ఒక్క అరికాలిపైననే పడును. వైశాల్యము సగమగును. కావున అనుభవము లేనివాడు ఆ క్షణముననే కూలును. ఇంతేగాక వ్రేళ్లు ఏమాత్రము క్రిందికి వంగినను పాదము గరిటెవలె నీటిలోనికి దిగును; మనిషి ముందుకు బోర్లపడును. నీటిని అరచేతితో గట్టిగా చరిచి చూచినవారికి, 56 కిలోమీటర్ల వేగమున ముఖము నీటిని తాకిన ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

1956లో కెన్ టిబాడో ఒడ్డునుండియే బయలుదేరు ఉపాయమును కనిపెట్టెను. ఇందు మనిషి లోతులేని నీటి అంచున కూర్చుండును. పడవ ముందే వేగమందుకొనును. తాడు బిగియగానే ఆతనిని లాగుకొనిపోవును. నడిమి వేగములు రెప్పపాటులో గడచిపోవును. 1958లో జో క్యాష్ లోతునీటినుండి లేచు పద్ధతిని సాధించెను. ఇందు మనిషి నీటిలో వెల్లకిల పరుండి తాడు పట్టుకొనును. వేగము వచ్చువరకు ఆతని వీపును, పిరుదులును నీటిపై జారును. పిదప మడమలు మోపి లేచును. అనగా ఇందు మనిషి శరీరమే పలక!

పలక తిరిగి వచ్చుట

1970 దశకమున కాలిఫోర్నియాలో మోకాళ్లపై కూర్చుండి సాగు పొట్టి పలక వాడుకలోనికి వచ్చెను. దానిని నీబోర్డు అందురు. వట్టికాళ్ల క్రీడ నేర్పువారికి ఇది చక్కగా ఉపకరించెను. నేర్చుకొనువాడు దానిపై మోకాళ్లూనక, కాళ్లు ముందుకు చాచి కూర్చుండును. పడవ మెల్లగా బయలుదేరును. పలక వెడల్పయినది గనుక తక్కువ వేగముననే నీటిపైకి తేలి జారసాగును. పడవ తగిన వేగమందుకొనగానే ఆతడు రెండు మడమలను ఒకేసారి, వ్రేళ్లు పైకెత్తి, భుజముల వెడల్పున నీటిపై మృదువుగా మోపును. మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చున్న భంగిమలోనే ఉండి, బరువును క్రమముగా పాదములపైకి తెచ్చును. పిరుదులు పైకి లేవగానే పలక వెనుకకు జారిపోవును.

పాత పద్ధతికిని దీనికిని గల భేదము గమనింపదగినది. ఇందు బరువు ఒంటికాలిపై పడు క్షణము లేదు. రెండు పాదములును కలిసి దిగును. మనిషి నీటికి దగ్గరగా కూర్చుండును గనుక, పడినను ఎత్తునుండి పడడు. బరువును పాదములపైకి తేకమునుపు తడబడినచో కాళ్లు పైకెత్తి మరల పలకపై కూర్చుండవచ్చును. తొలి శిక్షణలో పొడవు తాడునకు బదులు పడవ ప్రక్కకు బిగించిన ఉక్కుకడ్డీని పట్టించుటయు కలదు. అపుడు శిష్యుడు గురువు కంటికి ఎదుటనే, మాట వినబడు దూరములో ఉండును.

మన పల్లెలలో ఈత నేర్చుకొను పిల్లల నడుమునకు ఎండు సొరకాయబుర్ర కట్టుట కలదు. బుర్ర ఈత కాదు. ఈత వచ్చిన పిదప దానితో పనిలేదు. కాని అది లేక నూతిలో దిగుటకు వెరచినవారెందరో దానితో ఈతగాండ్రైరి. ఈ పలకయు అట్టిదే. తొలినాళ్లలో ఒకరిద్దరు సాహసికులకే చెల్లిన విద్యను ఇట్టి సాధనములు సాధారణులకు అందించినవి. 1978లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో వట్టికాళ్ల స్కీయింగునకు మొదటి ప్రపంచపు పోటీలు జరిగినవి. 1989లో స్కాట్ పెల్లాటన్ ఆరిజోనాలో గంటకు 218 కిలోమీటర్ల వేగముతో వట్టి కాళ్లపై సాగెను.

ఐనను నేడు క్రొత్తగా నేర్చుకొనువానిని భయపెట్టునది 218 కాదు. మొదటి 56 కిలోమీటర్లే. ఈ విద్య ఎరిగిన శిక్షకుడు, వెనుకకు చూచుచుండుటకు పడవలో మరియొక మనిషి, తేలుటకు తగిన కవచము, నెమ్మదియైన నీరు లేనిదే దీనికి పూనుకొనరాదు. ఇవి అమరినపుడు మిగిలినది ఓర్పు. శామ్యూల్‌సన్ చెక్కలు వచ్చిన పాతికేండ్లకు మనిషి చెక్కలను విడిచెను. వాటిని విడుచుట నేర్చుకొనుటకు మరల ఒక పలకనే ఆశ్రయించెను.